మహఫిల్‌లో మంత్రాంగం: మహలఖా బాయి చందా

మన జిల్లా నుంచి ఉస్మానియాకు వెళ్ళి చదువుకున్న పాత విద్యార్థులు ఈ సావనీరు చదివేవారిలో చాలామందే ఉంటారు. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట పట్టుకుని మీటరుగేజి బండిలో పోయిన తరం మాది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చొని గంటల తరబడి రాజకీయాలు మాట్లాడినం. 1918లో పుట్టిన విశ్వవిద్యాలయమని, ఆ రాతి భవనం 1939లో తెరిచారని, ఏడవ నిజాం పుణ్యమని అందరికీ తెలుసు. కాని అడిక్‌మెట్ అనబడే ఆ నేల అంతకు ముందు ఎవరిది అన్న ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. దాదాపు రెండు వందల ఏళ్ళ కింద ఆ అడిక్‌మెట్ ఒక ఆడమనిషికి జాగీరు. ఆమె రాణి కాదు, బేగం కాదు, నవాబు బిడ్డ అసలే కాదు. పాడేది, ఆడేది, గజల్ రాసేది. తన ఇంటికి వచ్చిన మంత్రులకూ, సేనానులకూ, దొరలకూ మహఫిల్ నడిపేది. ఆమె పేరు మహలఖా బాయి. కవితల్లో పెట్టుకున్న పేరు చందా.

హైదరాబాదు మనిషి గురించి మన నిజామాబాదు సావనీరులో ఎందుకయ్యా అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. దానికి నా దగ్గర జవాబు ఉంది. ఆ మనిషి పేరు చరిత్రలో పైకి వచ్చింది మన దిక్కునే. పద్నాలుగేళ్ళ పిల్లగా గుర్రమెక్కి ఆమె పోయిన మొదటి దండయాత్ర కౌలాస్ మీదికి, రెండవది నిర్మల్ మీదికి. కౌలాస్ మొన్నమొన్నటి దాకా, అంటే 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా, మన నిజామాబాదు జిల్లాదే. నిర్మల్ గోదావరి దాటితే వస్తుంది. ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఏం కావాలి?

ఇంకో ప్రశ్న కూడా వస్తుందని నాకు తెలుసు. అది గట్టిగా అడగరు, లోలోపల గొణుక్కుంటారు. అటువంటి మనిషి గురించి కాలేజీ పుస్తకంలో రాస్తారా అని. దాని సంగతి తరువాత చూద్దాం. ముందు కథ వినండి.

కథ ఆమె అమ్మమ్మ దగ్గర మొదలవుతుంది. ఆ పెద్దావిడ పేరు కూడా చందా బీబీయే. గుజరాత్‌లో ఉద్యోగం చేసే ఒక గృహస్థు భార్య. ఏదో లెక్కల చిక్కు వచ్చి మొగుడు ఇల్లు విడిచి పారిపోతే పిల్లలతో వీధిన పడింది. రాజస్థాన్ వైపు పోయి, ఊరూరా ఆటపాటలతో బతికే భగత్ల గుంపులో తలదాచుకుంది. అన్నం పెట్టింది వాళ్ళే, ఆడపిల్లలకు పాట నేర్పిందీ వాళ్ళే. పరువైన ఇంటి పిల్లలు పాటగత్తెలయింది అట్లా. మొగవాడు చేసిన తప్పుకు మూడు తరాల ఆడవాళ్ళు పేరు మోయడం మన దేశంలో కొత్త సంగతేమీ కాదు. ఆ పిల్లల్లో ఒకామె రాజ్ కున్వర్. సైన్యాల వెంట దక్కనుకు వచ్చి ఔరంగాబాదు చేరింది. మొగలు కొలువులో మన్సబు ఉన్న బహాదూర్ ఖాన్‌కూ ఆమెకూ 1768లో పుట్టిన బిడ్డ మన చందా.

బిడ్డ కడుపులో ఉండగా జరిగిందని ఒక కథ చెబుతారు. తల్లి హైదరాబాదు పక్కన మౌలాలి గుట్ట దగ్గరికి వచ్చిన సమయంలో కడుపు జారిపోయే పరిస్థితి వచ్చిందట. గుట్ట మీది దర్గా నుంచి తాయెత్తు, ప్రసాదం తెచ్చి ఇస్తే నిలిచిందట. నమ్మేవాళ్ళు నమ్మవచ్చు, లేనివాళ్ళు మానవచ్చు. ఆమె మాత్రం చివరి శ్వాస దాకా నమ్మింది. ఆమె బతుకంతా ఆ గుట్ట చుట్టే తిరిగింది.

చందాను పెంచింది అక్క మెహతాబ్. ఈ మెహతాబ్, రెండవ నిజాం అలీ ఖాన్ దగ్గర దివానుగా ఉన్న రుక్నుద్దౌలా ఇంట్లో ఉండేది. అంటే పిల్లకు ఊహ తెలిసేనాటికి చుట్టూ ఉన్నది రాజ్యం నడిపేవాళ్ళ ఇల్లు. గొప్ప గ్రంథాలయం ఉంది, ఉస్తాదులు ఉన్నారు, లెక్కలు రాసే ముత్సద్దీలు ఉన్నారు. ఎవరు వస్తున్నారు, ఎవరిని గుమ్మంలోనే కూర్చోబెడుతున్నారు, ఎవరికి పాన్‌దాన్ ముందు జరుపుతున్నారు, ఇదంతా చిన్నపిల్ల కళ్ళతో చూసింది. 1775లో రుక్నుద్దౌలా హత్యకు గురయ్యాడు. పిల్లకు అప్పటికి ఏడేళ్ళు. రాజకీయమంటే ఏమిటో అంత చిన్న వయసులో అంత దగ్గరగా చూసిన వాళ్ళు తక్కువ. నిన్నటిదాకా దివాను, ఇవాళ శవం! ఆ ఇంటి ఆడవాళ్ళకు ఇక రేపటి గతి ఏమిటన్నది ఎవరికి వాళ్ళు చూసుకోవలసిందే.

చందా చూసుకుంది. ఖుష్‌హాల్ ఖాన్ అనూప్ అనే పెద్ద విద్వాంసుడి దగ్గర సంగీతం నేర్చింది. షేర్ మహమ్మద్ ఖాన్ ఈమాన్ కవిత్వంలో గురువు. వీటికి తోడు గుర్రపు స్వారీ, విలువిద్య, బల్లెం విసరడం. నాట్యం నేర్చినవాళ్ళు ఉన్నారు, బాణం వేసినవాళ్ళూ ఉన్నారు. రెండూ ఒకే చేతికి రావడం దక్కనులో చాంద్ బీబీ తరువాత ఎవరికి చెప్పుకున్నాం?

1782లో నిజాం సేన కౌలాస్ వైపు బయలుదేరింది. మొగవేషం వేసుకుని, విల్లు తగిలించుకుని ఆ సేనలో చందా కూడా ఉంది. మన ఇంటర్మీడియట్ పిల్లల కంటే చిన్న వయసు.

నేను కౌలాస్ కోటకు విద్యార్థులను వెంటబెట్టుకుని పోయినాను. బోధన్ నుంచి బాన్సువాడ, పిట్లం మీదుగా పోయి మద్నూరు దిక్కు తిరగాలి. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు అక్కడే కలుస్తాయి కనుక ఊళ్ళో మూడు నాలుగు భాషలు వినబడతాయి. గుట్ట మీద కోట, దర్వాజాలు దాటుతూ ఎక్కాలి. లోపల చెట్టు చేమ, పాడుబడిన మహళ్ళు, గుళ్ళు. 1857 తిరుగుబాటులో చేయి కలిపిన రాజా దీప్‌సింగ్ పేరు ఊళ్ళో పిల్లలు కూడా చెప్పినారు. చందా పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. బురుజు మీద నిలబడి చూస్తే కింద మైదానం ఎంతో దూరం కనబడుతుంది. నిజాంసాగర్ కట్టింది 1931లో, షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మొదలయింది 1937లో. ఆ కాలువ నీళ్ళూ, చెరకు బళ్ళ వరుసలూ ఇంకా నూటయాభై ఏళ్ళ తరువాతి మాట. (ఆ ఫ్యాక్టరీ కూడా 2015లో మూతబడి చరిత్రలో కలిసిపోయింది లెండి.) ఆమె చూసిన కౌలాస్ దారి వేరు. మంజీర ఇసుక, మోదుగు అడవి, జొన్న చేన్లు.

ఆనాటి సేన అంటే సిపాయిలు మాత్రమే అనుకోరాదు. సేన కదిలితే ఒక పట్నం కదిలినట్టే. ఏనుగులు, ఒంటెలు, బజారు, కంసాలి, కమ్మరి, షరాబు, అంతఃపురం డేరాలు, అన్నీ వెంట నడిచేవి. నిజాం అంతఃపురానికి కాపలాగా తుపాకులు పట్టిన ఆడవాళ్ళ పటాలమే ఒకటి ఉండేది. 1795లో మరాఠాలతో ఖర్దా దగ్గర జరిగిన యుద్ధంలో ఆ పటాలం కూడా ఉంది. పగలు నడక, రాత్రి డేరాల్లో కొలువు. దివాను, సేనాపతి, వకీలు, మునిషీ అందరూ ఒక గుడారం కిందికి చేరేది రాత్రిపూటే. పాట వినడానికి వచ్చినట్టే వస్తారు, అసలు మాటలు పాటకూ పాటకూ మధ్య నడుస్తాయి. కోటల్లో నెలకొక్కసారి దొరికే దర్శనం దండులో రోజూ దొరుకుతుంది. చందాకు అసలు చదువు అబ్బింది ఆ గుడారాల్లోనే కాబోలు అని నా ఊహ.

మరుసటి ఏడు 1783లో నిర్మల్. అక్కడ ధంసా అని పేరుపడ్డ జఫరుద్దౌలా ఇబ్రహీం బేగ్ కుటుంబం పాతుకుపోయి, నిజాంకే ఎదురు తిరిగే దాకా వచ్చింది. జగిత్యాల కోట కట్టించిన ఇంటివారు వీళ్ళే. నిజాం స్వయంగా బయలుదేరి వాళ్ళను అణచాడు. చందా ఆ దండయాత్రలోనూ ఉంది. తరువాత 1789లో పానగల్‌కు కూడా పోయింది. అప్పటికి ఆమెకు ఇరవయ్యొక్క ఏళ్ళు. మూడు దండయాత్రలు చూసిన మనిషి! ఆనాటి పరగణా నవాబుల్లో సగం మందికి ఆ అనుభవం లేదు.

నిజాం అలీ ఖాన్ మెచ్చుకుని భూములిచ్చాడు. ఒక్కసారి కాదు, పలుమార్లు ఇచ్చాడు. అడిక్‌మెట్, హైదర్‌గూడ వంటివి ఆమె జాగీర్లయినాయి. చంద్రవదన అనే అర్థం వచ్చే మహలఖా అన్న బిరుదు దక్కింది. ఉమరావుల వరసలో, అంటే పెద్ద నవాబుల వరసలో ఆమెకు స్థానం దొరికింది. బయటికి పోతే ఐదు వందల మంది సిపాయిలు వెంట నడిచే హోదా. రాజ్యవ్యవహారాల్లో ఆమె సలహా అడిగేవారని చెబుతారు. మన సిర్నాపల్లి రాణి జానకీబాయి పేరు జిల్లాలో అందరికీ తెలుసు. ఆమె చేతికి గడీ, సంస్థానం వారసత్వంగా అందినాయి. మహలఖాకు అందింది తల్లి నేర్పిన పాట ఒక్కటే.

ఇక ఆమె మహఫిల్ సంగతి. ఇదీ అసలు విషయం.

మెహమాన్‌నవాజీ అన్న మాట నిజామాబాదు వాళ్ళకు అర్థం చెప్పనక్కరలేదు. వచ్చినవాడిని కూర్చోబెట్టి, అత్తరు రాసి, పాన్ ఇచ్చి, కడుపునిండా పెట్టి, మనసు తేలిక చేసి పంపడం. పైకి చూస్తే ఇది ఇంటి ఆడవాళ్ళ పని. మహలఖా దాన్ని రాజ్యతంత్రంగా మార్చింది. కొలువులో ఒకరి మొగం ఒకరు చూడని ఇద్దరు సర్దార్లు ఆమె ఇంట్లో ఒకే తివాచీ మీద కూర్చోవలసి వచ్చేది. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి అన్నది ఆమె నిర్ణయం. ఎవరికి కబురు పంపాలి, ఎవరిని మరచిపోయినట్టు నటించాలి అన్నదీ ఆమె నిర్ణయమే. దర్బారులో మాట అంటే రికార్డవుతుంది. మహఫిల్‌లో అంటే గాలికి పోతుంది, అందుకని అక్కడే ధైర్యంగా అంటారు. గాలికి పోయిన ఆ మాటలన్నీ పట్టుకోగల చెవి ఒకటి అక్కడుంది.

మనం కాలేజీలో చూసినదాన్ని బట్టి కూడా ఇది తెలుసుకోవచ్చు. నేను చదువుకున్న ఒక చోట యూనియనులో లేడీ రిప్రజెంటేటివ్ అని ఒక పదవి ఉండేది. ఆమె పని వచ్చిన ముఖ్య అతిథికి బొట్టు పెట్టడం, చాయ్ చూసుకోవడం. నిర్ణయాలన్నీ హాస్టల్ రూముల్లో రాత్రి పన్నెండు దాటినాక జరిగేవి. అక్కడికి ఆడపిల్లలు రారు, రాకూడదు. చాయ్ ఎవరు పోస్తున్నారో, నిర్ణయం ఎవరు చేస్తున్నారో ఆ రెండూ వేరు వేరు గదుల్లో జరిగే ఏర్పాటు అది. మహలఖా ఆ రెండు గదుల మధ్య గోడ తీసేసింది. చాయ్ పోసే గదిలోనే నిర్ణయం జరిగేటట్టు చేసింది. ఇంతకు మించి ఆమె గొప్పతనం చెప్పడం నాకు రాదు.

ఆమె కాలంలో కుర్చీలు ఎట్లా మారినాయో చూడండి. అరిస్తూజా దివాను. ఖర్దా ఓటమి తరువాత ఆయన పుణెలో బందీగా పోయి, 1797లో తిరిగి వచ్చాడు. 1803లో నిజాం అలీ ఖాన్ చనిపోయి సికిందర్ జా గద్దె ఎక్కాడు. 1804లో అరిస్తూజా పోయి మీర్ ఆలం దివాను అయ్యాడు. హైదరాబాదులో చెరువుకూ, మండీకీ పేరున్న ఆ మీర్ ఆలమే. మధ్యలో ఆయనా పదవి ఊడి, అవమానపడి, మళ్ళీ లేచినవాడే. 1808లో ఆయన పోయినాక పెత్తనం మహారాజా చందూలాల్ చేతికి వచ్చింది. ఇద్దరు నిజాములు, ఇంతమంది మంత్రులు, ఒకరి మనుషులను ఇంకొకరు ఏరివేసే రోజులు. ఒక దివాను ఇంటి మనిషిగా మొదలయిన మహలఖా ఏ దివానుతోనూ కూలిపోలేదు. మీర్ ఆలం ఆమె మీద పార్సీలో కావ్యమే రాశాడు. చందూలాల్ తానే కవి, ఆమె మహఫిల్‌కు ఆప్తుడు. నిజాం సేనలో మరాఠా సర్దారు రాజా రావు రంభా కూడా ఆమెకు దగ్గరి మనిషి. షియా, సున్నీ, ఖత్రీ, మరాఠా అందరూ ఆ ఇంటి గడప దగ్గర చెప్పులు విడిచినవాళ్ళే. ఆమె ఎవరినీ పెళ్ళాడలేదు. ఒకరి ఇంటికి పోతే మిగతా అందరి ఇండ్లూ మూసుకుంటాయని ఆమెకు తెలియదా!

ఒక్క రాత్రి ముచ్చట చెబుతాను. అది 1799 అక్టోబరు 1వ తేదీ, మీర్ ఆలం ఇంట్లో. అంతకు ఏడాది ముందే, 1798 సెప్టెంబరులో, నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి దొరల కింద ఉన్న పటాలాలను ఆయుధాలు దింపించి పంపేశారు. ఆ పనిలో ఉన్న కంపెనీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కం. 1799 మే నెలలో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాన్ మరణించాడు. ఆ యుద్ధంలో నిజాం తరఫు సేనను నడిపింది మీర్ ఆలం. అంటే ఆ రాత్రి ఆ ఇంట్లో కూర్చున్నవాళ్ళు దక్కను తలరాతను అప్పుడే తిరగరాసి వచ్చినవాళ్ళు. మహలఖా నాట్యం చేస్తున్నది. నాట్యం మధ్యలో ఆగి, తాను స్వహస్తాలతో రాసుకున్న గజళ్ళ దివాన్‌ను మాల్కం దొరకు నజరుగా ఇచ్చింది.

ఇందులో మెలిక చూశారా? ఆడినవాళ్ళకు చూసినవాడు ఇనాం ఇవ్వడం లోకరీతి. ఇక్కడ ఆడినామె ఇచ్చింది, చూసినవాడు చేయి చాచి తీసుకున్నాడు. నజరు ఇచ్చేది ఉమరావులు. ఇచ్చినది బంగారు మొహరు కాదు, తన పేరున్న పుస్తకం. నేను నీ ముందు ఆడే మనిషిని మాత్రమే కాదు అని ఒక్క మాట మాట్లాడకుండా చెప్పడమంటే అదే. రేపటి నుంచి అధికారం ఎవరి చేతికి పోతుందో కూడా ఆమె లెక్క వేసుకున్నదని నేను అనుకుంటాను. ఆ లెక్కలో మన దేశానికి మేలేమీ లేదు నిజమే. కాని ఆనాడు హైదరాబాదులో ఆ లెక్క వేయని పెద్దమనిషి ఎవరున్నారు? మాల్కం పుస్తకం మీద ఆ రాత్రి వివరం రాసి పెట్టుకున్నాడు. ఆయన తరువాత బొంబాయి గవర్నరు అయ్యాడు, ఇరాన్ చరిత్ర రాశాడు. ఆ దివాన్ ప్రతి లండన్ చేరింది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

1798లో కూర్చిన ఆ దివాన్‌లో నూట ఇరవై అయిదు గజళ్ళు. గజల్‌కు అయిదేసి షేర్లు. అయిదు అయిదులు ఇరవై అయిదు, దాన్ని మళ్ళీ అయిదింతలు చేస్తే నూట ఇరవై అయిదు. షియాలకు అయిదు పవిత్రమైన సంఖ్య. ప్రతి గజల్ చివర హజ్రత్ అలీని తలచుకుంటుంది. మొదటి నాలుగు షేర్లలో శరాబు, ప్రియుడు, తోట, బుల్‌బుల్ ఏదైనా ఉండనీ, చివరి షేరులో మౌలా గుట్ట ఎక్కవలసిందే. ఉర్దూలో దివాన్ కూర్చిన మొదటి స్త్రీ ఆమేనని చాలాకాలం చెప్పుకున్నారు. తరువాత లుత్ఫున్నిసా ఇంతియాజ్ అనే మరో దక్కను స్త్రీ ఒక్క ఏడాది ముందే కూర్చినట్టు తేలింది. ఇద్దరూ హైదరాబాదు వాళ్ళే కనుక గౌరవం ఇంట్లోనే ఉంది.

కవిత్వం ఒకటే రాస్తే నేను ఇంత చెప్పకపోదును. ఆమె చరిత్ర కూడా రాయించింది. గులాం హుసేన్ ఖాన్ జౌహర్ అనే పండితుడిని నియమించి దక్కను చరిత్రను పార్సీలో రాయించింది. దాని పేరు మాహ్‌నామా. అందులో రాజుల కథలతో పాటు తన తల్లి కథ, అమ్మమ్మ కథ కూడా ఎక్కించింది. గుజరాత్‌లో వీధిన పడ్డ ఆ ముసలమ్మ దక్కను నవాబుల సరసన చరిత్రలో కూర్చుంది! నాకు ఈ ఒక్క పని ముందు ఐదు వందల మంది సిపాయిల హోదా తక్కువే అనిపిస్తుంది. చరిత్రశాఖ అధ్యాపక మిత్రులు కోపగించుకోకపోతే ఒక మాట అంటాను. చరిత్ర ఎవరు రాయిస్తే వాళ్ళ అమ్మమ్మ అందులో ఉంటుంది.

1792లో తల్లి చనిపోతే మౌలాలి గుట్ట పాదం దగ్గర సమాధి కట్టించింది. చుట్టూ తోట, మసీదు, బావి, యాత్రికులు దిగడానికి సరాయి. గుట్ట మీద రజబ్ నెలలో జరిగే ఉత్సవానికి వచ్చే జనానికి నీళ్ళూ నీడా చూసుకునేది. తన ఇంట్లో ఆడపిల్లలను పెంచి వాళ్ళకు పాట, చదువు చెప్పించింది. పుస్తకాలు సేకరించింది, రాతగాళ్ళను పెట్టి ప్రతులు రాయించింది. 1824లో చనిపోయినప్పుడు తల్లి పక్కనే పడుకోబెట్టారు. నగలు, బంగారం, భూములు దిక్కులేని ఆడవాళ్ళకు చెందాలని రాసి పోయింది. గజళ్ళ సంపుటి గుల్జారె మహలఖా అన్న పేరుతో ఆమె పోయిన ఏడే వెలువడింది.

ఇప్పుడు ముందు వాయిదా వేసిన ప్రశ్నకు వస్తాను.

అటువంటి మనిషి అంటారు. ఎటువంటి మనిషి? మన తెలుగులో ముద్దుపళని ఉంది. తంజావూరు ప్రతాపసింహుని కొలువు మనిషి, రాధికా సాంత్వనము రాసిన కవయిత్రి. ఆమె కావ్యాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే పెద్దలు నొసలు చిట్లించారు, ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి అయినాక గాని ఆ నిషేధం పోలేదు. రాసిన మాటల కంటే రాసిన మనిషి కులవృత్తి మీదనే ఎక్కువ కోపం. అదే శృంగారం మొగకవి రాస్తే ప్రబంధం, ఎం.ఏ. పాఠ్యగ్రంథం! మహలఖా విషయంలో నిషేధం కూడా అక్కరలేకపోయింది, మరచిపోతే సరిపోయింది. ఆమె మహఫిల్‌కు పోయి కూర్చున్న మగవాళ్ళ పేర్లు మాత్రం చెరువులకూ మండీలకూ నిలిచినాయి. ఒకే తివాచీ మీద కూర్చున్నవాళ్ళలో ఒక పక్కవాళ్ళు చరిత్ర, ఇంకో పక్క మనిషి అప్రతిష్ఠ ఎట్లా అవుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అట్లాగని ఆమెకు పూలదండ వేసి ఊరుకోవడం కూడా నాకు చేతకాదు. అభ్యంతరం చెప్పవలసింది ఆమె నాట్యానికి కాదు, ఆమె జాగీరుకు. మా తాతల నాటి ముచ్చట్లు విన్నవాడిని, జాగీరు అంటే ఏమిటో మన జిల్లాలో ఎవరూ చెప్పించుకోనక్కరలేదు. పటేలు, పట్వారీ, దస్తు, వెట్టి. రైతు చేను మీద పండింది జాగీర్దారు ఇంటికి పోవడమే జాగీరు. ఆ మహఫిల్‌లో వెలిగిన ఒక్కొక్క దీపం నూనె ఏ తెలుగు రైతు గానుగలో ఆడిందో! ఆమె గజళ్ళలో ఆ రైతు లేడు. ఆమె భాష ఉర్దూ, చరిత్ర రాయించిన భాష పార్సీ, కవులు ఢిల్లీ దిక్కు చూసేవాళ్ళు. చుట్టూ ఉన్న జనం మాట్లాడే తెలుగు ఆ మహఫిల్ గడప దాటి లోపలికి పోలేదు. జాగీర్లు 1949లో రద్దయ్యే దాకా మన పల్లెల గతి అదే. ఆడమనిషి జాగీర్దారయితే రైతుకు పన్ను తగ్గుతుందా ఏమన్నా? ఆమెను తలచుకునేటప్పుడు ఈ లెక్క కూడా పక్కనే పెట్టుకోవాలని నా మనవి. అయితే ఒకటి. పక్కనున్న నవాబులకు కూడా ఇదే లెక్క వేయాలి. వాళ్ళకు వేయని లెక్క ఈమెకు మాత్రమే వేయడం న్యాయం కాదు.

చాలా ఏళ్ళు ఆ సమాధి ముళ్ళచెట్ల మధ్య పడి ఉండింది. అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేసి 2011 మార్చిలో మళ్ళీ తెరిచారు. ఎక్కడి అమెరికా, ఎక్కడి మౌలాలి! మన డబ్బు, మన పట్టింపు ఎందుకు చాలలేదో ఆలోచించవలసినవాళ్ళు ఆలోచించాలి. ఆ తరువాత స్కాట్ కూగల్ అనే పండితుడు ఆమె మీదా, ఔరంగాబాదు కవి సిరాజ్ మీదా కలిపి 2016లో ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. మన లైబ్రరీకి తెప్పిస్తే బాగుంటుంది, ఉర్దూ శాఖవారికీ చరిత్ర శాఖవారికీ ఇద్దరికీ పనికొస్తుంది.

మనం ఇప్పుడు డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం కిందికి వచ్చినాం. 2006కు ముందు అంతా ఉస్మానియానే కనుక మా తరం డిగ్రీ కాగితాల మీద ఆ ముద్రే ఉంటుంది. ఈసారి పని మీద హైదరాబాదు పోయినప్పుడు క్యాంపస్ పక్కనున్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోకి పోయి అడగండి. అక్కడ మెట్లబావి ఒకటి ఉంది, మహలఖా బాయి బావి అంటారు. అక్కడి నుంచి మౌలాలి గుట్ట ఎంతో దూరం లేదు. గుట్ట ఎక్కే ముందే, కింద తోటలో, తల్లీ కూతుళ్ళిద్దరూ పక్కపక్కన ఉన్నారు.